కోతకు ముందు మేత

సన్‌స్క్రీన్ ట్యూబు మీద జింక్ ఆక్సైడ్ అన్న మాట కనిపిస్తే ఇప్పటికీ నాకు ఆరు ఎలుకలు గుర్తొస్తాయి. నా చేతుల్లో పోయినవి చాలానే ఉన్నాయి. వెంటాడేవి మాత్రం ఈ ఆరే.

అప్పట్లో తెనాలి నుంచి రోజూ రైల్లో బాపట్ల వెళ్లి, అక్కడొక కాలేజీలో పరిశోధన చేసేదాన్ని. జింక్ ఆక్సైడ్‌ను కంటికి ఆనని నానో రేణువులుగా చేస్తే, అది ఒంట్లోకి వెళ్లి ఏం చేస్తుందన్నది నా విషయం. ఆ తెల్లటి పొడిని నీళ్లలో కలిపి, నెలరోజులపాటు సన్న గొట్టంతో తెల్ల ఎలుకల కడుపులోకి పంపాలి. ఏది ఏదో తెలియడానికి వాటి తలమీదా తోకమీదా పసుపు రంగు పూసేదాన్ని. అది నా గోళ్లకి అంటుకుని ఓ పట్టాన వదిలేది కాదు. "దుగ్గిరాల పసుపు యార్డులో పనికి కుదిరావా ఏంటే?" అని అమ్మ ఏడిపించేది.

ఎక్కువ మోతాదు పడ్డ ఆరు ఎలుకలూ రెండో వారానికే ఒళ్లు శుభ్రం చేసుకోవడం మానేశాయి. బొచ్చు రేగిపోయి, వీపులు ముడుచుకుని, పంజరం మూలన ఒకదాన్నొకటి ఆనుకుని కూర్చునేవి. నేను తలుపు తీస్తే చాలు, వణికేవి. "జ్వరమొచ్చిన పిల్లల్లా ఉన్నాయమ్మా" అనేవాడు వాటికి మేతా నీళ్లూ చూసే అటెండరు. కాలేజీలో అందరం ఆయన్ని బాబాయ్ అనేవాళ్లం. ఆయనది రేపల్లె. వాళ్ల నాన్నకి అక్కడ మాంసం కొట్టు ఉండేదట.

చివర్లో రక్తం తీసి, మత్తుమందు ఎక్కువగా ఇచ్చి, కోసి చూడాలి. ముందురోజు సాయంత్రం నుంచి నీళ్లు తప్ప మేత పెట్టకూడదు. కడుపు నిండితే రక్తంలో చక్కెర పెరిగి లెక్క తప్పుతుంది. మొదటి వంతు ఈ ఆరింటిదే. బాబాయ్‌కి చెప్పే ఇంటికి వెళ్లాను.

పొద్దున కోశాను. కాలేయాలు పాలిపోయి ఉన్నాయి. అది అనుకున్నదే. కడుపు చీలిస్తే మాత్రం నానిన శనగలు. ఆరింటిలోనూ అంతే.

బాబాయ్ తల దించుకున్నాడు. "ఆకలి మీద కొయ్యకూడదమ్మా. మా నాన్న మేకకి మేతేసి, నీళ్లు తాగించి గానీ కత్తి పట్టేవాడు కాదు. ఇందాక వాటిని చూస్తే చెయ్యి ఆగలేదు."

చెబితే ఆయన ఉద్యోగం పోతుంది. పైగా ఇంకో ఆరింటిని తెప్పించి మళ్లీ నెలంతా అదే నరకం. కుక్కిన పేనులా ఉండిపోయాను. చక్కెర ఎక్కువే తేలింది. "కొత్త సంగతి పట్టావమ్మా!" అని మా గైడ్ సార్ మురిసిపోయారు. 'రాత్రంతా మేత ఆపి' అని నా చేత్తోనే రాశాను. అది పత్రికలో అచ్చయింది కూడా. అప్పుడు అది జాలి అనుకున్నాను. కాదు, ఉత్త పిరికితనం.

ఇన్నేళ్ల తర్వాత ఈమధ్య ఎవరో విద్యార్థిని మెయిల్ పెట్టింది. "మేడమ్, మీకొచ్చినట్టు చక్కెర మాకు పెరగట్లేదండి. రెండుసార్లు చేశాం. మూడోసారికి ఎలుకల్ని తెప్పించాం, సోమవారం మొదలుపెడతాం. మీరు మేత ఎలా ఆపారో కాస్త చెప్తారా?"

నాలుగు వాక్యాలు. రోజూ తెరిచి చదివేదాన్ని. చదివి మూసేసేదాన్ని. చివరికి రేపల్లె రైలెక్కాను.

బాబాయ్ రిటైరై ఇంట్లోనే ఉన్నాడు. నేను నోరు తెరవబోతే, "ముందు అన్నం తినమ్మా, ఏదైనా తర్వాతే" అని కూర్చోబెట్టాడు. ఎదురుగా కూర్చుని నీళ్ల గ్లాసు నా వైపు జరిపాడు. కంచం ముందే ఆ మెయిల్ సంగతి చెప్పేశాను.

"అయితే నా శనగల వల్ల ఇంకొన్ని పోయాయా అమ్మా?"

"శనగల వల్ల కాదు బాబాయ్. నేను రాసినదాని వల్ల."

"పోనీలే, ఆ పిల్లకి చెప్పేశావుగా. మూడోసారివైనా బతికాయి."

మెయిల్ వచ్చి అప్పటికి నెలన్నర. నేనింకా జవాబు రాయలేదు.