సత్తయ్య నిలబడిన పాయిదాన్

పొద్దున మా గల్లీలో ఎవరో జీపుకు అటూ ఇటూ ఉండే మెట్టు పలకలు విప్పిస్తున్నారు. తుప్పు పట్టిన బోల్టుల మీద పోసిన గ్యాసునూనె, అదే కిరోసిన్, వాసన కిటికీలోంచి నా కుర్చీ దాకా వచ్చింది. చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టేశాను. ఆ వాసనకు నాకు సత్తయ్య గుర్తొస్తాడు. గుర్తొచ్చినప్పుడల్లా తల ఎత్తబుద్ధి కాదు. వయసు మీద పడితే సిగ్గు తగ్గుతుందంటారు. నా సిగ్గు మాత్రం నాతోపాటు ముసలిదవుతోందే తప్ప నన్ను వదలడం లేదు.

హుస్సేనీ ఆలంలో మా నాన్నది నెయ్యి వ్యాపారం. రెండో ప్రపంచ యుద్ధానికి కొంచెం ముందు, ఒక నవాబు గారింట్లో వాడి వదిలేసిన మోటారు కొన్నాడు. ఆ కాలపు బండ్లకు తలుపుల కింద, ముందు మడ్‌గార్డు నుంచి వెనక మడ్‌గార్డు దాకా, రబ్బరు పరిచిన పొడవాటి ఇనుప పలకలు ఉండేవి. పాయిదాన్ అనేవాళ్లం. సత్తయ్య మా డ్రైవరు. రోజూ ఛత్రినాక నుంచి నడిచి వచ్చేవాడు. నాన్న కంటే పెద్దవాడు. అయినా నేను పేరు పెట్టే పిలిచేవాణ్ణి. అతనికి నేను చిన్న సాబ్‌ని.

ఇరవై దాటాక నాకు బండి నడపాలన్న పిచ్చి పట్టింది. నేర్పమని నాన్న సత్తయ్యకు చెప్పాడు. కిషన్‌బాగ్ వైపు ఖాళీ జాగాకు తీసుకెళ్లి, నన్ను స్టీరింగు ముందు కూర్చోబెట్టి, తను దిగి నా వైపు పాయిదాన్ ఎక్కి నిలబడ్డాడు. పక్క సీటు ఖాళీగానే ఉంది. మా ఇంట్లో ఎవరూ పైకి అనని కట్టడి అది. స్టీరింగు పట్టుకొని కూర్చుంటే అతను పని చేస్తున్నట్టు. పక్క సీట్లో కూర్చుంటే మాతో సమానమైనట్టు. అందుకని కిటికీలోంచి ఎడమచెయ్యి లోపల పెట్టి, స్టీరింగును తిప్పుతూ, గాలికీ దుమ్ముకీ కళ్లు చిట్లించి నాకు నేర్పాడు. ఇది నాకప్పుడు వింతగా తోచలేదు.

ఒకరోజు దారిలో నెత్తిన మూటతో ఒక ముసలమ్మ పోతోంది. నేను హారన్ మోగించబోతే సత్తయ్య నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఎనకనుంచి హారన్ కొట్టకండి చిన్న సాబ్. ముసలోళ్లు ఎటు జరగాల్నో తెల్వక నడుమల నిలవడతరు. జర ఆగండి. ఆమె పోయినంక మనం పోదం."

"ఎంతసేపు ఆగాలె?"

"ఆమె పోయేదాంక."

యుద్ధం అయిపోయాక ఊళ్లోకి పాయిదాన్ లేని కొత్త బండ్లు రావడం మొదలైంది. వీధి చివర కూర్చునే నా దోస్తు ఒకడు, "ఏందిరా, మీ బండి ఇంక ఈ అరుగులు మోసుకుంటనే తిరుగుతదా?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వు నాకు నెత్తికెక్కింది. ఇంటికొచ్చి, పాయిదాన్ తీసెయ్యమని సత్తయ్యకు చెప్పాను.

అతను ముందురోజే బోల్టులకు గ్యాసునూనె పట్టించి నానబెట్టాడు. మరునాడు మధ్యాహ్నం మా వాకిట్లో గోనెసంచి పరుచుకొని బండి కిందికి దూరాడు. నేను పైనుంచి పానాలు అందిస్తున్నాను.

"మడ్‌గార్డులు గీటి మీదనే ఆగుతయి," అన్నాడు కింద నుంచి. "తీస్తె ఊగుతయి."

"పట్టీలు కొట్టు."

"కొడత." పానా ఇంకో బోల్టుకు తగిలించాడు. "మీరు నడిపేటప్పుడు మరి నేనేడ నిలవడాలె?"

"నడిచి రా," అన్నాను నవ్వుతూ.

అతనూ నవ్వాడు. అది వేళాకోళమని ఇద్దరికీ తెలుసనుకున్నాను. విప్పిన రెండు పలకల్నీ కడిగి, తుడిచి, గోడకు ఆనించి పెట్టాడు. "ఒకటి తీస్కపోనా?" అని అడిగితే, రెండూ పట్టుకుపొమ్మన్నాను.

ఆ ఆదివారమే కిషన్‌బాగ్‌లో చుట్టాలింటికి బయల్దేరాం. బండి నేను నడుపుతున్నాను, అమ్మ వెనక కూర్చుంది. నా పక్క సీట్లో పండ్ల గంప పెట్టాం. సత్తయ్య తలుపు వేసి, అలవాటు కొద్దీ కాలెత్తాడు. కాలు పెట్టడానికి కింద ఏమీ లేదు. మెల్లగా దించుకున్నాడు.

"సత్తయ్య రాడారా?" అంది అమ్మ.

గంప తీసి వెనక పెడితే సరిపోయేది. ఆ సంగతి నాకు అప్పుడే తట్టింది. తట్టలేదని చెబితే అబద్ధమవుతుంది. కానీ వీధి చివర దోస్తులున్నారు. వాళ్ల ముందు నౌకరును పక్కన కూర్చోబెట్టుకొని పోవడానికి నాకు మనసొప్పలేదు.

"మీరు పొండి. నేను నడిచొస్త," అన్నాడతనే. నేను బండి కదిలించాను.

మేం చేరిన చాలాసేపటికి వచ్చాడు. మోకాళ్ల దాకా దుమ్ము. నీళ్లు కూడా అడగకుండా వంగి, తను బిగించిన పట్టీలను చేత్తో కదిపి చూశాడు. "తొవ్వల ఊగలే గద?" అని అడిగాడు. ఊగలేదన్నాను. అలా కొన్ని నెలలు నడిచి, చివరికి ఒకరోజు, "బండి మీకు మంచిగొచ్చింది, ఇగ నాతోని ఏం పని?" అని మానుకున్నాడు. నాన్న ఆపబోయాడు. నేను అతని చేతిలోంచి తాళంచెవి తీసుకున్నాను.

నా పెళ్లికి పిలవడానికి ఛత్రినాకకు వెళ్లాను. సత్తయ్య ఇంటి ముందు రెండు రాళ్ల మీద ఆ పాయిదాన్ పలక వేసి ఉంది. నన్ను చూడగానే రుమాలుతో రబ్బరంతా తుడిచి, "కూసోండి చిన్న సాబ్," అన్నాడు. కూర్చున్నాను. అతను నిలబడ్డాడు. ఆ పలక మీద ఇద్దరం హాయిగా కూర్చోవచ్చు. 'నువ్వూ కూర్చో' అనాలనిపించినా అనలేదు. ఆ మాటంటే ఆదివారం సంగతి కూడా మాట్లాడాల్సి వస్తుందని భయం. చాయ్ తాగి, పెళ్లికి రమ్మని చెప్పి లేచాను.

పెళ్లికి వచ్చాడు. పందిట్లో ఒక గుంజకు ఆనుకొని నిలబడి అక్షింతలు వేసి వెళ్లాడట. అమ్మ చెబితే తెలిసింది. ఆ తర్వాత కలవలేదు.

బండి నడిపినన్నాళ్లూ ముసలివాళ్ల వెనక నేను హారన్ కొట్టలేదు. సత్తయ్య నేర్పింది అది ఒక్కటే సరిగ్గా నేర్చుకున్నాను. ఇప్పుడు నేనే ముసలివాణ్ణి. మనవడు బండి తీస్తూ, "ఎక్కు తాతా," అని పక్క సీటు చూపిస్తాడు. ఎక్కే ముందు ప్రతిసారీ ఒక్క క్షణం ఆగి, ఆ ఖాళీ సీటు వంక చూస్తాను.