రాణీ పావలా

సిరిగేరిలో ఎవరి మెడలో ఎన్ని తులాలున్నాయో దూరం నుంచే చెప్పగల మనిషి రామలక్ష్మమ్మ. కాలువ రాకముందు ఆమె భర్త నారప్ప తూర్పు పక్క మెట్టచేను కోస్తా నుంచి వచ్చినవాళ్లకు అమ్మేశాడు. ఇప్పుడందులో వరి నడుమెత్తు పెరుగుతోంది. ఆ దారిన పోవలసి వస్తే, ఎండ అని చెప్పి, రామలక్ష్మమ్మ కొంగు కళ్లకు అడ్డం పెట్టుకునేది.

పంటనే చూడలేకుండా ఉంటే, ఆ చేలో కొత్త ఆసామి భార్య నాంచారమ్మకు ఒక వెండి బిళ్ల దొరికింది. పావలా అంత. పైన బొమ్మ నున్నగా అరిగిపోయింది. సంగతి చెవిన పడగానే రామలక్ష్మమ్మ తింటున్న కంచం ముందు నుంచి లేచి వాళ్లింటికి వెళ్లింది.

"అది మాదే వదినా. రాణీ పావలా. మా అత్త పగడాల నడుమ కట్టుకుంటాండె. ఆ చేన్లోనే పారేసుకునింది," అంది. నిజానికి ఆ అత్త మెడలో నల్లపూసలు తప్ప ఊళ్లో ఎవరూ ఏమీ చూసి ఎరగరు.

"రాణిగారి బొమ్మయితే తీసుకెళ్లండి వదినగారూ. ముఖమే ఆనడం లేదు," అంది నాంచారమ్మ. అరుగు మీద మజ్జిగ తాగుతున్న బడి అయ్యవారు హంపయ్యను సాక్షిగా పిలిచింది.

ముఖం తేల్చడం రామలక్ష్మమ్మకు తెలుసు. శుక్రవారం పూజలో లక్ష్మి వెండిరేకుకు చేసేదే. తడి కుంకుమ బిళ్లకు రుద్ది, గుడ్డతో పైపైన తుడిచింది. గుంతల్లో ఎరుపు నిలిచింది. ఒక మెడ, తల చుట్టూ ఆకుల దండ, చిలక ముక్కు. మగవాడు. అంచున ఇంగ్లీషు లాంటి అక్షరాలు.

హంపయ్య దాన్ని వెలుగుకు తిప్పి చాలాసేపు చూశాడు. "నోడమ్మా, చూడు, ఇట్లాంటి బొమ్మ పుస్తకంలో చూసినా. రోమ్ దేశంది. ఏ రాజో పేరు అరిగిపోయింది గానీ, రెండువేల ఏండ్లుంటుంది. మీ అత్తకు వయసెంతుండె?"

నాంచారమ్మ నవ్వు ఆపుకుంది. "మీరు కుంకుమ పెట్టకపోతే మాకు తెలిసేదే కాదు వదినగారూ," అని చేతులు పట్టుకుంది. వెక్కిరించినా రామలక్ష్మమ్మకు ఇంత మండేది కాదు.

"ఆ ముక్కు అచ్చం మీ నాయన ముక్కే," అంది ఇంటికొచ్చి మొగుడితో.

మర్నాడు పొద్దున్నే, ఆ చేను పక్కన తమకు మిగిలిన ఎకరంలో బిళ్లల కోసం గట్టు తవ్వడం మొదలుపెట్టింది. మోకాలి లోతు తవ్వేసరికి గట్టు తెగి, తమ మడిలో నీళ్లన్నీ నాంచారమ్మ వరిలోకి పోయాయి.