మీసాలు పెట్టిన గౌను బొమ్మ

నిన్న మధ్యాహ్నం పెరుగన్నంలో ఊరగాయ నంజుకుంటుండగా ఫోను మోగింది. మా బంధువులందరూ ఉన్న వాట్సాప్ గుంపులో ఎవరిదో గొంతు, దాని కింద ఒక ఫొటో. వేలూరు, గుడియాత్తం చుట్టుపక్కల పుట్టి అరవ బడుల్లో చదువుకున్న మా వాళ్ళలో సగం మందికి తెలుగు మాట్లాడటమే గాని చదవడం రాదు. నాకు నాలుగు అక్షరాలు వచ్చాయంటే, చిత్తూరు నుంచి కోడలిగా వచ్చిన మా అమ్మ చలవ. అందుకని మా గుంపులో పెళ్ళి పిలుపులూ చావు కబుర్లూ గొంతుతోనే వస్తాయి, అబద్ధాలైతే మరీను. ఎవరో మగమనిషి సగం తెలుగూ సగం అరవమూ కలిపి, పరుగెత్తుకొచ్చినవాడిలా రొప్పుతూ చెబుతున్నాడు. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు పొన్నై వైపు దిగారట, కనపడితే వదలకూడదట, ఈ మాట అందరికీ పంపాలట. ఫొటోలో ఒక మనిషి సైకిలు తోసుకుంటూ పోతున్నాడు. వెనక క్యారియరు మీద గోనెసంచి. అంతకుమించి అందులో ఏమీ లేదు.

ఇలాంటివి వస్తూనే ఉంటాయి. ఇంకెవరు పంపినా తుడిచేసి అన్నం తినేదాన్ని. పంపింది మా చిన్నక్క, మా పెదనాయన కూతురు. అది చూశాక కంచం పక్కకి జరిపాను. కోపం వచ్చింది, ఇప్పటికీ తగ్గలేదు. ఆ కోపంతోనే ఇది రాస్తున్నాను, కాబట్టి చివరికి నేను ఎవరినో క్షమిస్తానని ఆశపడి చదవకండి.

మా పెదనాయన గుడియాత్తంలో ఇళ్ళు కట్టే మేస్త్రీ. నేను డిగ్రీ అయ్యాక ఆ ఊళ్ళోనే ఒక చిన్న ప్రైవేటు బడిలో టీచరుగా చేరి, పెదనాయన ఇంట్లో ఉండేదాన్ని. మగ్గాల వీధి మాది. పొద్దున లేస్తే లుంగీలు నేసే చప్పుడు, సాయంత్రమైతే కేబుల్ టీవీల చప్పుడు. అవి ఊరికి కొత్త డబ్బు వస్తున్న రోజులు. పెంకుటిళ్ళు పోయి మిద్దెలు, మిద్దెల మీద మిద్దెలు లేస్తున్నాయి. మూల మూలనా పసుపు బోర్డు పెట్టిన ఫోను బూత్‌లు. పెదనాయనకి చేతినిండా పని. ఆయన నోరు మూసుకుని పని చేయడం మాత్రం ఎవరూ చూసి ఎరగరు. ఇటుకతో మాట్లాడేవాడు, సిమెంటును తిట్టేవాడు, కంకర లారీ ఆలస్యమైతే ఆకాశంతో మొరపెట్టుకునేవాడు. "నిద్దట్లో కూడా ఈయప్ప కూలోళ్ళని పిలుస్తానే ఉంటాడు, నాకు రాత్రిళ్ళు కూడా ఇల్లు కట్టేదే సరిపాయ" అనేది పెద్దమ్మ. ఒక్క తూకం గుండు దారానికి కట్టి గోడ పక్కన వేలాడదీసినప్పుడు మాత్రం కాస్త ఆగి చూసేవాడు. గోడ వంకరగా ఉంటే, అది తాను కట్టిందే అయినా, యజమాని ఎదుటే పడగొట్టించేవాడు. "ఈ గుండుకి మొగమాటం తెలీదు నాయనా" అని నవ్వేవాడు. మొహమాటం ఆయనకీ తెలియదు, అందుకే కొందరికి గిట్టేవాడు కాదు.

మా వీధి చివర ఫోను బూత్ పెట్టినాయన పై అంతస్తు వేయించాడు. పెదనాయనే కట్టాడు. కట్టే ఇంటికి దిష్టి తగలకుండా గడ్డితో బొమ్మ చేసి పైన వేలాడదీస్తారు కదా, ఆ బొమ్మకి తొడగడానికి పాత చొక్కా ఒకటి ఇవ్వమని పెద్దమ్మని అడిగాడు. పెదనాయన చొక్కాలు చివరి నూలుపోగు దాకా ఆయన ఒంటి మీదే ఉండేవి, పాతవి అంటూ మిగిలేవి కావు. పెద్దమ్మ పెట్టె వెదికి, చిన్నక్క చిన్నప్పటి ఎర్రగౌను, దానికి తోడు ఒక జత కాళ్ళజోళ్ళు తీసి ఇచ్చింది. అప్పటికే చిన్నక్క కాలేజీలో ఎమ్మే చదివే పిల్ల. "నా గౌను యాడన్నా గాలికి కొట్టుకొనిపోతే మళ్ళీ పుట్టించి ఇస్తావా?" అని నాయనతో పోట్లాడింది. పెదనాయన గౌనులో గడ్డి కూరి, కింద రెండు గడ్డి కాళ్ళు కట్టి, జోళ్ళు తొడిగి, తలకి పెట్టిన కుండ మీద ఇంత లావు మీసాలు దిద్దాడు. గౌను వేసుకున్న మీసాలాయన పై అంతస్తు నుంచి నెలల తరబడి వీధిని చూస్తూ ఉండిపోయాడు. బడికి పోయే పిల్లలు దానికి సలాం కొట్టేవాళ్ళు. బూత్‌కి వచ్చినవాళ్ళు ఫోను లైను దొరికేదాకా దాన్నే చూసి నవ్వుకునేవాళ్ళు. ఆ బొమ్మ తెలియనివాళ్ళు మా వీధిలో లేరు, ఈ ముక్క మీరు గుర్తు పెట్టుకోవాలి.

ఆ రోజుల్లోనే ఒక పుకారు లేచింది. పాలారు మీద వంతెన కడుతున్నారట, స్తంభం నిలబడటం లేదట, పిల్లల తలలు కావాలట. ఆ వంతెన ఎక్కడ అంటే ఒకరు విరించిపురం దగ్గర అనేవాళ్ళు, ఇంకొకరు పాలారే పారని మేల్పాడి దగ్గర అనేవాళ్ళు. చూసినవాడు ఒక్కడూ లేడు, నమ్మనివాడూ ఒక్కడూ లేడు. నా తరగతిలో సగం బెంచీలు ఖాళీ. తల్లులు మధ్యాహ్నమే వచ్చి పిల్లల్ని చెయ్యి పట్టుకుని లాక్కుపోయేవాళ్ళు. పెదనాయన అది విని పగలబడి నవ్వాడు. "స్తంభం నిలబడలేదంటే సిమెంటు తక్కువేసినారని అర్థం. తలకాయిలతో నిలబడేదైతే నేను ఇంత ఇసక ఎందుకు మోయిస్తాను?" అన్నాడు.

ఇల్లు పూర్తయింది. గృహప్రవేశానికి ముందురోజు పొద్దు గుంకే వేళ బొమ్మని దించి యేట్లో వదిలి రావాలి. అది మేస్త్రీ చేయవలసిన పని. దాన్ని తీసుకుపోయే మనిషి దారిలో ఎవరితోనూ మాట్లాడకూడదు, వెనక్కి చూడకూడదు, ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కునేదాకా నోరు విప్పకూడదు. విప్పితే ఆ దిష్టి అంతా వెంట వస్తుందట. ఇల్లు కట్టినప్పుడల్లా పెదనాయన ఆ ఒక్క సాయంత్రమే మౌనంగా ఉండేవాడు, మేమంతా దాన్ని పండగలాగా అనుకునేవాళ్ళం. ఆరోజు బొమ్మని గోనెసంచిలో పెట్టి, సైకిలు క్యారియరుకి కట్టుకుని, బూత్ ఆయన చూస్తుండగానే బయలుదేరాడు. సంచి చిన్నది. జోళ్ళు తొడిగిన కాళ్ళు బయటికే ఉన్నాయి.

ఊరి చివర యేటికి దిగే చోట ఒక టీకొట్టు. అక్కడ కూచున్నవాళ్ళు మా వీధివాళ్ళు కారు. చీకటి పడబోతుండగా ఒక మనిషి, సంచి, సంచిలోంచి చిన్నపిల్ల కాళ్ళు. పిలిచారట. పలకలేదు. మళ్ళీ గట్టిగా పిలిచారట. వెనక్కి తిరిగి కూడా చూడలేదు. జీవితమంతా అడిగినవాడికీ అడగనివాడికీ సమాధానం చెప్పిన మనిషి, చెప్పవలసిన ఒక్క రోజున ఆచారం పాటించాడు. వాళ్ళలో ఒక్కడైనా లేచి నాలుగు అడుగులు వేసి ఆ సంచి ముట్టుకుని చూడొచ్చు. చూడలేదు. బిడ్డ ప్రాణం పోతోందని నిజంగా అనుకున్నవాడు టీ గ్లాసు పట్టుకుని కూచుంటాడా? చూస్తే కథ అయిపోతుంది, అది వాళ్ళకి ఇష్టం లేదు. నేను ఇప్పటికీ అదే అంటాను.

తెల్లారేసరికి జనం నోళ్ళలో ఆ కాళ్ళకి గజ్జెలు వచ్చాయి, ఏడుపు వచ్చింది, నెత్తురు కూడా వచ్చింది. గృహప్రవేశానికని పెదనాయన తలంటి పోసుకుని, తన తూకం గుండుకి పసుపు పూసి పూలు చుట్టి చేతిలో పట్టుకుని ముందు నడుస్తున్నాడు. వెనక పెద్దమ్మ, చిన్నక్క, పళ్ళెంతో నేను. బూత్ ముందు జనం నిండిపోయి ఉన్నారు. లోపల ఫోను దగ్గర తోపులాట, ప్రతివాడూ పేర్నాంబట్టులోనో వేలూరులోనో ఉన్న చుట్టాలకి ముందుగా తానే చెప్పాలని. మమ్మల్ని చూడగానే ఎవడో "పిళ్ళ పిడిక్కరవన్" అని అరిచాడు, పిల్లల్ని పట్టేవాడని. పుట్టి పెరిగిన ఊళ్ళో మా పెదనాయన ఆ ఒక్క కేకతో పరాయివాడైపోయాడు.

"అది దిష్టిబొమ్మప్పా! ఈ ఇంటిదే! ఈయన్నే అడగండి!" అని పెదనాయన మెట్ల మీద పట్టుపంచె కట్టుకుని నిలబడిన బూత్ ఆయన్ని చూపించాడు. జనం ఒక్క క్షణం ఆగారు. నిజంగానే ఆగారు, నేను చూశాను. అందరూ మెట్ల వైపు తిరిగారు. బొమ్మ ఆయన నెత్తి మీదే నెలల తరబడి వేలాడింది. "అవును, బొమ్మే" అంటే సరిపోయేది. ఆయన లోపల పూజకి కూచున్న అయ్యవారి వైపు చూశాడు, చేతి గడియారం చూసుకున్నాడు.

"ఏందో తీసుకొనిపోయినాడు, నేను సరిగ్గా చూడలేదు. ముహూర్తం దాటిపోతా ఉండాది, మీరు పక్కకి పోయి తేల్చుకోండి నాయనా" అన్నాడు.

పక్కకే తీసుకుపోయి తేల్చారు. నేను "బొమ్మ, బొమ్మ" అని అరుస్తూనే ఉన్నాను. తరగతినిండా పిల్లల్ని నోరు మూయించే గొంతు నాది, ఆ రోజు పక్కవాడికి కూడా వినపడలేదు. మా వీధివాళ్ళు ఉన్నారు అందులో. ఆ బొమ్మకి సలాం కొట్టిన పిల్లల తండ్రులు ఉన్నారు. పోలీసులు వచ్చేసరికి పెదనాయన కుడి మణికట్టు రెండుచోట్ల విరిగి ఉంది. పూలు చుట్టిన గుండు కాలవలో దొరికింది.

పోలీసులు యేటికి పోయి ఇసకలో పడున్న సంచి తెచ్చి అందరి ముందూ విప్పారు. గడ్డి, ఎర్రగౌను, పగిలిన కుండ, ఆ పెంకు మీద సగం మీసం. నిజం ఊరందరి కళ్ళముందూ పడి ఉంది. దాన్ని చూసి మా పక్కింటావిడ పెద్దమ్మతో ఏమందో తెలుసా? "ఇది బొమ్మే అనుకోమ్మా. కానీ ఒకవేళ ఆ మాట నిజమైతే? పిల్లకాయలు ఉండేవోళ్ళం, మా భయం మాది." ఇంకొందరు బిడ్డని తీసేసి బొమ్మని పెట్టాడన్నారు. గృహప్రవేశం మటుకు వేళకే జరిగింది. మేస్త్రీకి పెట్టవలసిన కొత్తపంచె, ఆ ఇంట్లో ఒక్క ఇటుక కూడా పేర్చని ఇంకో మేస్త్రీకి పెట్టారు. విందులో పాయసం బాగుందని కూడా మాకు వినపడింది.

తెలియక చేశారు, పాపం అమాయకులు అని మా నాన్న అనేవాడు. నేనొప్పుకోను. తెలుసుకోవడానికి సంచి ఉంది, సంచిలో బొమ్మ ఉంది, మెట్ల మీద మనిషి ఉన్నాడు. ఆ ఊళ్ళో మళ్ళీ ఎవరూ పెదనాయనని పనికి పిలవలేదు, పిలిచినా ఆ చెయ్యి తాపీ పట్టేది కాదు. వేలూరులో మా ఇంటికి వచ్చేశారు. మంచి మంచి మాటలన్నీ గుడియాత్తంలోనే వదిలి వచ్చినట్టు, ఆయన మాట్లాడటం తగ్గించేశాడు. అన్నం కలిపి ముద్దలు చేసి పెట్టేది చిన్నక్కే. కాలేజీ మానేసి, పెళ్ళయ్యేదాకా ఆ పని ఆమే చేసింది. రాత్రి పూట పెద్దమ్మ ఇప్పుడు కాస్త నిద్రపోవచ్చు. నిద్ర పట్టేది కాదు ఆమెకి.

కొన్నేళ్ళకి బూత్ ఆయన వచ్చాడు, ఆపిల్ పళ్ళతో. సెల్‌ఫోన్లు వచ్చి బూత్ మూతపడిందని చెప్పుకున్నాడు. లేచేముందు గొంతు తగ్గించి, "నువ్వు ఏ తప్పూ చేయలేదని నాకు తెలుసు మేస్త్రీ" అన్నాడు.

పెదనాయన ఆయన్ని కాసేపు చూశాడు, గోడని చూసినట్టే. "నాకూ తెలుసు నాయనా. ఆ పొద్దు మెట్ల మీద చెప్పింటే వాళ్ళకీ తెలిసుండును" అన్నాడు.

ఆపిల్ పళ్ళు చిన్నక్క తీసుకుపోయి వీధిలో ఆవుకి పెట్టింది. ఆ చిన్నక్కే నిన్న ఈ ఫొటో పంపింది. చెయ్యి కడుక్కుని ఆమెకి ఫోను చేశాను.

"చిన్నక్కా, ఆ సంచిలో ఏముండాదో చూసినావా నువ్వు?"

"నేనెట్ల చూస్తానమ్మా? అందరూ పంపిస్తా ఉండారు, నేనూ పంపిస్తి."

"మీ నాయన సంచిలో ఏముండిందో నీకు తెలుసు గదా. నీ గౌనే గదా."

అవతల మనవడు ఏదో అడుగుతుంటే కసురుకోవడం వినపడింది. ఏడుస్తుందేమో, తిడుతుందేమో అనుకున్నాను, రెండిట్లో ఏదైనా నాకు సంతోషమే. చివరికి నెమ్మదిగా అంది.

"అది వేరే, ఇది వేరే. ఒకవేళ నిజమైతే? పిల్లకాయలు ఉండే ఇల్లు మాది."

ఫోను పెట్టేశాను. గుంపులో నా గొంతుతోనే చెప్పాను, ఆ సైకిలు మనిషి ఎవరో తెలియకుండా ఎవరికీ పంపకండి, మన ఇంట్లో విరిగిన చెయ్యి గుర్తు తెచ్చుకోండి అని. కాసేపటికి ఎవరో గులాబీపువ్వు బొమ్మ పెట్టారు. చిన్నక్క పంపింది చిన్నక్క పంపినట్టే ఉంది, అప్పటికే ఎక్కడెక్కడికి పోయిందో ఆమెకీ తెలియదు. ఆ ఫొటోలో మనిషి మొహం మాత్రం సరిగ్గా కనపడదు, వెనక్కి తిరిగి చూడకుండా పోతున్నాడు.

ఆనాడు ఆ మాట టీకొట్టు దగ్గర పుట్టి మా వాకిటికి రావడానికి ఒక రాత్రి పట్టింది. ఇన్నేళ్ళు గడిచాక అది మా ఇంట్లోంచే బయలుదేరింది, నా కంచంలో అన్నం ఆరిపోయేలోపలే.