దాని పీలా టోపీ

నా కూతురికి అప్పటికి ఇంకా మూడేళ్ళు నిండలేదు. అయినా ఏ గౌను వేసుకోవాలో, జుట్టు ఎటు దువ్వాలో, ఏ కాలికి ఏ చెప్పు తొడుక్కోవాలో అంతా తనే చెప్పేది. గౌను ఎప్పుడూ ముందుది వెనక్కి తిప్పి వేసుకునేది. గుండీలు వీపు మీద ఉంటే తనకు కనపడవు కదా అని దాని వాదన. ఒక కాలికి నీలం చెప్పు, ఇంకో కాలికి గులాబీ రంగుది. సరిచేద్దామని చెయ్యి వేస్తే నేల మీద వెల్లకిలా పడుకుని, ముఖం కందిపోయేదాకా ఊపిరి బిగబట్టేది. నాకు భయం వేసి వదిలేసేదాన్ని. ఆ సంగతి దానికి బాగా తెలుసు.

మేముండేది అందరూ హిందీ కలిపి మాట్లాడే దీవిలో, హార్బరు పక్కన హాడోలో, సర్కారు క్వార్టర్స్‌లో. మా ఆయన హార్బరు దాటించే బోటులో ఇంజను దగ్గర పనిచేస్తాడు. పొద్దున్నే మా ఇద్దరి గొడవ వింటూ టీ తాగి, "ఒగ్గేయే. దాని గౌను, దానిష్టం. మనకేటి?" అని డ్యూటీకి వెళ్ళిపోయేవాడు.

అప్పుడు నేను రెండోసారి కడుపుతో ఉన్నాను, ఆరో నెల. ఒకరోజు వాన తెరిపిచ్చాక పసిబిడ్డ బట్టల కోసం దాన్ని వెంటబెట్టుకుని అబర్డీన్ బజార్‌కి వెళ్ళాను. కొట్టతను మన తెలుగువాడే. తెల్లవి, లేత నీలంవి, చిన్న చిన్న జుబ్బాలు, టోపీలు బల్ల మీద పరిచాడు. నేను తెల్లవి చేతిలోకి తీసుకున్నాను.

"అది కాదు. పీలా వాలా," అంది నా కూతురు, పైనున్న అరకేసి వేలు పెట్టి.

"పసుపు రంగు తొందరగా మాసిపోద్దమ్మా," అన్నాడు కొట్టతను నవ్వుతూ.

"భయ్యా, పీలా దో," అంది మళ్ళీ, ఈసారి కాలు నేలకేసి కొట్టి.

బజారులో అందరి ముందూ అది పడుకుని ఊపిరి బిగబడితే నేను వంగి లేపలేను. తెల్ల జుబ్బాలతో పాటు పసుపు టోపీల జతే కొన్నాను. గడ్డం కింద కట్టుకోవడానికి రెండేసి తాళ్ళున్నాయి వాటికి. దారంతా ఆ కవరు అదే మోసింది. ఇంటికొచ్చాక అన్నీ మంచం కింద పెట్టెలో దాచాను.

ఏడో నెలలో ఒక పొద్దున నాకు లోపల కదలిక తెలియలేదు. కాసేపు పడుకుని చూశాను. నీళ్ళు తాగి చూశాను. ఆసుపత్రికి వెళ్ళేసరికే అంతా అయిపోయింది. మగపిల్లాడు. నర్సమ్మ ఒక్కసారి చూపించింది. మందుల మత్తులో నాకు ఒక చెవి మాత్రం గుర్తుండిపోయింది. చిన్నగా, మడత పడి ఉంది. దాన్ని సరిచేద్దామని చెయ్యెత్తాను. అప్పటికే ఆవిడ పక్కకి తిరిగింది.

మా అత్తగారు హార్బరు అవతలి హోప్ టౌన్ నుంచి వచ్చి ఆసుపత్రిలో నా దగ్గరే ఉండిపోయింది. వాళ్ళ ఊళ్ళోనే, సమాధుల తోటలో బిడ్డను పెట్టాలని ఆవిడా మా ఆయనా గుమ్మం దగ్గర నిలబడి అనుకున్నారు. మా ఆయన బిడ్డను తీసుకుని వెళ్ళాడు. ఆ సాయంత్రం నేను కళ్ళు తెరిస్తే, "పనైపోనాది. అయ్యగారొచ్చి పార్దన సేసేరు. నువ్ పడుకో," అంది అత్తగారు.  

ఇంటికి వచ్చాక కూడా ఎవరూ ఆ మాట ఎత్తలేదు. మా ఆయన మళ్ళీ బోటెక్కాడు. అత్తగారు వండి పెడుతూ, నా వైపు చూడకుండా తిరిగేది. నేను గోడకేసి తిరిగి పడుకునేదాన్ని. నా కూతురి జుట్టు ఎవరు దువ్వుతున్నారో, అది ఏం కట్టుకుని తిరుగుతోందో నేను చూడలేదు.

ఒకరోజు లేచి వరండాలోకి వస్తే అది మెట్టు మీద కూర్చుని ఉంది. నెత్తిమీద పసుపు టోపీ. దాని తలకి అది చాలదు. నడినెత్తిన అతుక్కుని ఉంది. తాళ్ళు రెండూ చెవుల పక్కన వేలాడుతున్నాయి. నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను.

అత్తగారు వంటింట్లోంచి పరుగున వచ్చింది. "ఓలమ్మా, పెట్టె ఎప్పుడు తీసేవే? ఇలాగియ్యి. తప్పు, పెట్టుకోకూడదు."

"నాది!" అని రెండు చేతులతో తల పట్టుకుంది.

ఆ రోజు నుంచి టోపీ దాని తల మీదే. అత్తగారు దాన్ని బియ్యం డబ్బాలో దాచింది, పిల్ల వెతికి తీసింది. ఉతికి ఆరేశాక ఎత్తిపెట్టేద్దామంటే, తీగ కిందే నిలబడి ఆరేదాకా కాపలా కాసింది. పక్కింటావిడ బెంగాలీ. నన్ను చూసి జాలిపడి, "దీదీ, సోతే వక్త్ ఉతార్ లో," అంది. నిద్రలో తీద్దామనీ చూశాం. వేళ్ళకి తాళ్ళు చుట్టుకుని పడుకునేది.

నేను దాన్ని కోప్పడలేకపోయాను. అలాగని చూడనూ లేకపోయాను. అది గదిలోకి వస్తే కళ్ళు మూసుకునేదాన్ని.

కొన్ని వారాల తర్వాత అత్తగారు బలవంతం చేస్తే ఆదివారం ఆరాధనకి వెళ్ళాను. అది తిరగేసిన గౌను, రెండు రంగుల చెప్పులు, ఆ టోపీతోనే బయల్దేరింది. చర్చిలో అందరూ మొదట నన్ను చూశారు, తర్వాత దాని తల చూశారు, తర్వాత పాటల పుస్తకంలోకి చూశారు. రెండో పాట అయ్యాక వెనక బెంచీలోంచి ఒక ముసలావిడ నా భుజం తట్టింది.

"ఇంత పిల్లకి పసిగుడ్డు టోపీ ఏటమ్మా? జనం ఏటనుకుంటారు? తీసేయరాదూ?"

ఆవిడ మంచికే అంది. నేను లేచి బయటికి వచ్చేశాను. చూరు కింద మెట్ల మీద కూర్చున్నాను. వాన పడుతోంది. లోపల ప్రార్థన మొదలైంది. కాసేపటికి నా కూతురు కూడా వచ్చి నా పక్కన కూర్చుని, చెప్పుల కాళ్ళు వానలోకి చాపింది.

"నీకు చాలా టోపీలున్నాయి కదమ్మా. ఇదే ఎందుకు?" అని అడిగాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"తమ్ముడు కూడా ఏస్కున్నాడు కదా," అంది.

నాకు అర్థం కాలేదు. "ఏ తమ్ముడు?"

"మన తమ్ముడు. పీలా టోపీ. నేనే ఇచ్చా," అంది. తర్వాత వాన నీళ్ళలో కాళ్ళాడించుకుంటూ కూర్చుంది. 

ఇంటికి రాగానే మంచం కింది పెట్టె లాగి చూశాను. జుబ్బాలు అలాగే మడతలతో ఉన్నాయి. రెండో టోపీ లేదు.

మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి చేతుల జిడ్డు కడుక్కుంటున్నాడు. నేను వెళ్ళి వెనకాల నిలబడ్డాను.

"వాడికి టోపీ పెట్టారా?"

కుళాయి కట్టేశాడు కానీ ఇటు తిరగలేదు. 

"అమ్మ నీ కాడ ఉండిపోయింది కదా. దీన్ని ఎవరికి ఒప్పజెప్పేది? పక్కింటి దీదీ డ్యూటీలో ఉంది. కూడా తిప్పుకున్నాను. తెల్ల తువ్వాలు కోసం వాణ్ణి తీసుకుని ఇంటికొచ్చాను. మంచం మీద పడుకోబెట్టి చుడతన్నాను. ఇది దగ్గరికొచ్చి సూసింది. తమ్ముడికి టోపీ ఏదీ అంది. అక్కర్లేదమ్మా అన్నాను. దీని సంగతి తెలుసు కదా నీకు. మంచం కింద పెట్టె లాగేసి, ఆ రెండు టోపీల్లో ఒకటి తెచ్చింది."

"మీరే కట్టారా?"

"నేనే కట్టాను. తాళ్ళు ఎనక్కి తీసి ముడేశాను. 'అలా కాదు నాన్నా, ముందుకి. వాడికి కనపడాల' అంది. ఇప్పి మళ్ళీ ముందుకి కట్టాను. బోటులో నా ఒళ్ళోనే ఉన్నాడు. మా బోటే. మావోళ్ళెవరూ ఏం అడగలేదు. అటుపక్క చేరేదాకా ఇది నా పక్కన కూచుని టోపీ మీద చెయ్యేసి ఉంచింది. గాలికి ఎగిరిపోద్దంట."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఏటని చెప్పేది?" అన్నాడు. అప్పుడు ఇటు తిరిగాడు. ఆయన ఏడవడం నేను చూడడం అదే మొదటిసారి.

నా బిడ్డకి నేను ఒక్క గుడ్డ కూడా తొడగలేదు. వాడి చెవి మడత సరిచేయలేదు. మూడేళ్ళు నిండని పిల్ల, తనకి తెలిసిన పద్ధతిలో, తన ఇష్టమే వాడి ఇష్టమనుకుని వాణ్ణి తయారు చేసి పంపించింది. ఇది తెలిశాక నాకు ఊరట కలిగిందని అందరూ అనుకోవచ్చు. ఆ రోజు మాత్రం నాకు దాని మీద అసూయ కలిగింది. అది వాణ్ణి చూసింది. బోటు దాటేంతసేపు తాకింది. నాకు ఆపాటి కూడా దక్కలేదు.

మర్నాటి నుంచి టోపీ నేనే కట్టాను. తాళ్ళు అందేవి కావు. రెండు రిబ్బను ముక్కలు కుట్టి పొడిగించాను. ముడి ముందుకి వేసేదాన్ని. అది అద్దంలో చూసుకుని తల ఊపేది. అత్తగారికి జరిగింది చెప్పాను. ఆవిడ దాన్ని దగ్గరికి తీసుకుని తల నిమిరింది.

వానాకాలం వెళ్ళాక ఒక పొద్దున టోపీ పట్టుకుని దాని దగ్గరికి వెళ్ళాను.

"వద్దు. నాకు రెండు జడలు కావాలి. పెద్దక్కల్లాగ," అంది.

"టోపీ?"

"వద్దన్నా కదా."

రెండు జడలు వేశాను. తర్వాత ఒక్కసారి కూడా అది టోపీ అడగలేదు.

పోయిన వానాకాలంలో, దాన్ని నర్సరీలో వేశాక, మొదటిసారి ముగ్గురం హోప్ టౌన్ సమాధుల తోటకి వెళ్ళాం. అంతకు ముందు మా ఆయన రెండు మూడుసార్లు అడిగాడు. నేనే వెళ్ళలేకపోయాను. బోటు దిగి ఆటోలో వెళ్ళి, బురదలో కాస్త పైకి నడిచాం. వానలకి వాడి మీది మట్టి కుంగిపోయి నేలతో సమానమైంది. చుట్టూ మా ఆయన పేర్చిన రాళ్ళు కొన్ని పక్కకి దొర్లి ఉన్నాయి. అవి లేకపోతే ఎక్కడో నాకు తెలిసేది కాదు.

అది ఆ రోజు నా పాత దుపట్టా నడుముకి చుట్టుకుని, దాని మీద స్కూలు బెల్టు బిగించుకుని వచ్చింది. రాళ్ళ దగ్గర కూర్చుంది.

"ఇక్కడ ఎవరున్నారు?" అని అడిగింది.

మా ఆయన నా వైపు చూశాడు.

"నీ తమ్ముడు," అన్నాను.

"నాకు తమ్ముడున్నాడా?"

అది ఆటపట్టించడం లేదు. నిజంగానే అడుగుతోంది. నువ్వు వాణ్ణి చూశావమ్మా అన్నాను. కాసేపు ఆలోచించి, తల అడ్డంగా ఊపింది. "నై. నేను చూడలేదు."

వాణ్ణి దగ్గర్నించి చూసింది వాళ్ళిద్దరే. ఇప్పుడు ఆయన ఒక్కడే మిగిలాడు.  అది అప్పటికే లేచి, దుపట్టా బురద కాకుండా ఎత్తి పట్టుకుని దిగువకి నడుస్తోంది.

మళ్ళీ చినుకులు మొదలయ్యాయి. వానలు తగ్గాక వచ్చి రాళ్ళు సరిచేద్దామన్నాడు మా ఆయన. సరేనన్నాను. ఇంకా వెళ్ళలేదు.