నా పేరు చివరి అయ్య

కంప్యూటర్ నా పేరు చివర ఉన్న 'అయ్య'ను కోసేసింది. ఏడేళ్ళు దాన్ని తిరిగి అతికించినవాడు లేడు.

ఎనభైల చివర్లో గోదావరిఖనిలో జరిగిన సంగతి ఇది. అంతవరకు మా గని హాజరు పుస్తకంలో నా పేరు చేత్తో, నిండుగా రాసి ఉండేది. ఆఫీసుకు కంప్యూటర్ వచ్చాక మా పేర్లన్నీ ఇంగ్లీషులో దానిలోకి ఎక్కాయి. ఆ నెల జీతం చీటీ చూసుకుంటే ఇంటిపేరు ఉంది, పేరు ఉంది, అయ్య లేదు. చివరి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు గాయబ్.

నాలుగు అక్షరాలకు ఇంత రాద్ధాంతమా అనేవాళ్ళకు ఒకటి చెప్పాలి. మా నాయన పేరు చివర కూడా అయ్య ఉండేది. మా ఊరి దొర ఉండే గడిలో మాత్రం ఆయనను సగం పేరుతోనే పిలిచేవారు, అదీ పశువుల కొట్టంలో పెండ ఎత్తాల్సి వచ్చినప్పుడు. నన్నూ అంతే. ఇరవై ఏళ్ళప్పుడు గనిలో చేరడానికి వచ్చి, అలవాటుకొద్దీ ఆ సగం పేరే చెప్పాను. హాజరు రాసే ముసలి గుమాస్తా కలం ఆపి నా మొహం చూశాడు.

"చివర అయ్య లేదా? ఉంటది. రాస్తున్న," అన్నాడు.

నేను బడి మొహం చూడనివాడిని. చాయ్ హోటల్లో మిర్చీలు కట్టిచ్చిన పేపరు ముక్కల మీద అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకున్నాను. నేర్చుకున్నాక పట్టుబట్టి చదివిన మొదటి మాట ఆ పుస్తకంలోని నా పేరే.

అందుకే చీటీ పట్టుకుని ఆఫీసుకు పోయాను. కంప్యూటర్ గది ముందు అందరూ చెప్పులు విడవాలి. నేను గని నుంచి నేరుగా వచ్చాను కనుక చెప్పులు విడిచినా గుమ్మం దాటనివ్వలేదు. లోపలి సారు కోస్తావాడు, మర్యాదస్తుడే.

"మీ ఇంటిపేరు మరీ పొడుగండీ. మా వైపు ఇంటిపేరుకి ఒక్కక్షరమే పెట్టుకుంటాం. మీరూ అలా పెట్టేసుకోండి, అయ్య పట్టేస్తుంది," అన్నాడు.

"అయ్య కావాల్నంటే ఇంటిపేరు ఇడిసిపెట్టాల్నా సారు?"

"నేనేం చేయనండీ? కంప్యూటర్ తీసుకోవట్లేదు."

పక్కనున్న కుర్ర గుమాస్తా మా వైపువాడే. "డ్యూటీ పోయిందా కాకా? దవాఖాన కార్డు పోయిందా? నాలుగు అక్షరాలకు ఏం లొల్లి పెడ్తున్నవే!" అని నవ్వాడు.

ఆ రోజు నుంచి ఏడాదికొక దరఖాస్తు పెట్టాను. దరఖాస్తు అన్నాక మొదట 'అయ్యా' అని రాయాలి కదా. నా అయ్యను లాక్కున్నవాళ్ళకే ఎదురు అయ్య పెట్టి రాయడం! కలం అక్కడే ఆగేది. అయినా రాశాను. జవాబు రాలేదు. నన్ను చూడగానే ఆ గుమాస్తా, "వచ్చిండు, అయ్యను పోగొట్టుకున్నాయన" అనేవాడు. ఇంట్లో నా భార్య, "నీ అయ్య దొరికిండా?" అని అడిగేది. తిట్టో, పరామర్శో చెప్పడం కష్టం.

ఏడో దరఖాస్తు పెట్టేసరికి నేను ఉద్యోగం నుంచి దిగిపోవడానికి రెండేళ్ళే మిగిలాయి. దిగిపోయే రోజు సర్వీసు కాగితం ఒకటి చేతికిస్తారు. దాని మీద సగం పేరే ఉంటే, దొర పిలిచిన పేరుతో వచ్చి అదే పేరుతో పోయినట్టవుతుంది. నా భయమల్లా అదే.

ఇంతలో ఆఫీసుకు కొత్త కంప్యూటర్లు వచ్చాయి. వాటిలోకీ మా సగం పేర్లే ఎక్కాయి. పాతది ఎవరికీ అక్కర్లేక మా కాలనీ రీడింగ్ రూముకు పంపారు. ఆ గది తాళంచెవి నా దగ్గర ఉండేది. నా అయ్యను మింగినదాన్ని తెచ్చి నా గదిలోనే పెట్టారు! పగ కొద్దీ దాని మీద పాత పేపర్ల కట్టలు పేర్చాను. క్యారమ్స్ ఆడేవాళ్ళు పౌడరు డబ్బా పెట్టారు. పేపరు చదవడానికి వచ్చేవాళ్ళు దాని నల్లటి అద్దంలో మీసం దువ్వుకునేవారు. అంతకంటే అది దేనికీ పనికిరాదనుకున్నాం.

ఒకరోజు చౌరస్తాలో టీవీలు బాగుచేసే భాయ్ వచ్చి పౌడరు డబ్బా ఎత్తి పక్కన పెట్టాడు. వాళ్ళ నాయనదీ మా గనిలోనే పని.

"గిది మా అబ్బా పేరు తిన్న డబ్బానే కద కాకా?"

"మీ అబ్బాది సుత పోయిందా?"

"మూడు ముక్కల పేరు. చీటీల ఒకటిన్నర మిగిలింది. అబ్బా నవ్విండు గని, నాకైతే మండింది."

అతను మూత విప్పి దుమ్ము ఊది, కాలిపోయిన ముక్క ఏదో మార్చాడు. అద్దం మీద పచ్చటి అక్షరాలు లేచాయి. "దీని జాన్ ఇంకా ఉంది. ఇగ దీంతోని మాట్లాడుడు నీ పని," అన్నాడు.

దానితో పాటు వచ్చిన ఇంగ్లీషు పుస్తకం అటకెక్కించి ఉంది. దింపాను. డిక్షనరీ పక్కన పెట్టుకుని, మిర్చీ పేపర్లు చదివిన పద్ధతిలోనే, మాట తర్వాత మాట పట్టుకుని ఆరు నెలలు చదివాను. ఒక్క వేలితో మీటలు నొక్కడం వచ్చింది. పంపేముందు మా పేర్లన్నీ తుడిచేశారు కానీ, అవి ఉండిన ఖాళీ గడులు అట్లాగే మిగిలాయి. పేరు గడి పక్కన పద్దెనిమిది అని ఉంది, అందులో పట్టే అక్షరాల లెక్క. నా పేరు వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. ఇంటిపేరు పదకొండు, మధ్యలో ఖాళీ ఒకటి, అయ్యతో కలిపి పేరు పది. ఇరవై రెండు. సరిగ్గా నాలుగు ఎక్కువ!

పుస్తకంలో చెప్పినట్టు పద్దెనిమిది చెరిపి ముప్పై కొట్టాను. మీట నొక్కాను. తర్వాత నా పేరు కొట్టాను. ఒక్కొక్క అక్షరం వస్తూ వస్తూ అయ్య కూడా వచ్చి నిలబడింది.

మూడు నిమిషాల పని. ఏడేళ్ళు 'కంప్యూటర్ తీసుకోవట్లేదు' అన్నారు. దాన్ని అడిగినవాడే లేడు. కోపం రావాల్సిందే, వచ్చింది కూడా. కానీ దానికంటే ముందు, ఛాతీ మీద పడ్డ బొగ్గు పెళ్లను ఎవరో ఎత్తి పక్కకు వేసినట్టు ఊపిరి ఆడింది. తప్పు నా పేరులో లేదు, మా పొడుగు ఇంటిపేరులో లేదు. గడి ఇరుకు, అంతే.

ఆ తర్వాత ఆ పాత యంత్రానికి చేతినిండా పని. రీడింగ్ రూముకు వచ్చే అందరి పేర్లూ నిండుగా ఎక్కించాం. దానితో పాటే వచ్చిన ప్రింటరు కీచుకీచుమంటూ కొడుతుంటే చుట్టూ నిలబడి చూసేవారు. క్వార్టరు తలుపుకు అంటించుకుంటామని పేరు కాగితాలు పట్టుకుపోయారు. భాయ్ తన అబ్బా పేరు మూడు ముక్కలూ కొట్టించుకుని, షాపులో టీవీల పైన అద్దం కట్టించి పెట్టాడు.

ఎనిమిదో దరఖాస్తు నేను చేత్తో రాయలేదు. మీరు పారేసిన కంప్యూటర్‌తోనే కొడుతున్నాను, అది మూడు నిమిషాల్లో నా అయ్యను తీసుకుంది, మీ కొత్తది ఎందుకు తీసుకోదో చెప్పండి అని అడిగాను. మా గనిలో సగం పేర్ల వాళ్ళందరి నిండు పేర్లూ మరో కాగితం మీద కొట్టి జతచేశాను. గుమాస్తా అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆ రోజు నవ్వలేదు.

"గిది నువ్వే కొట్టినవా కాకా?"

"నేనే."

మూడు వారాలకు కవరు వచ్చింది. కవరు మీద నా పేరు చివరిదాకా ఉంది. నా భార్యను పిలిచి, నిలబడే పైకి చదివాను:

"అయ్యా, మీ పేరు పూర్తిగా చేర్చడమైనది. మీరు పంపిన జాబితాలోని మిగతావారి పేర్లు కూడా సరిచేయడమైనది. సర్వీసు కాగితంలో ఇట్లే వచ్చును. పని మూడు నిమిషాలు కూడా పట్టలేదు. ఆలస్యమునకు మన్నించగలరు."