రెండు కంప్యూటర్ల మధ్య వైరు

ఖిదిర్‌పూర్ రేవులో సరుకు దింపించే ఒక కంపెనీలో నేను కంప్యూటర్లు చూసేవాణ్ణి. మా ఇంటావంటా కుర్చీలో కూర్చుని పనిచేసింది నేనొక్కణ్ణే. అయ్య అదే రేవులో కళాసీ. శ్రీకాకుళం నుంచి వచ్చినప్పటి నుంచీ తాళ్లు కట్టడమే ఆయన పని.

ఏ ఓడకు ఏ కూలీల గ్యాంగు వెళ్లాలో నా గదిలోని రెండు కంప్యూటర్లే చెప్పేవి. ఒకటి పనిచేస్తుంటే రెండోది కాపలా. వాటి మధ్య వైరు పోయిందా, అవతలిది చచ్చిందనుకుని రెండూ పెత్తనానికి దిగేవి.

విశ్వకర్మ పూజనాడు అయ్య మొదటిసారి ఆ ఏసీ గదిలోకి వచ్చాడు. మిషన్లకు బొట్టు పెట్టాడు, బంతిపూల దండ వేశాడు. నేను ప్రసాదం ఖిచుడీ తెచ్చేసరికి టేబుల్ కింద నుంచి లేస్తున్నాడు. సాష్టాంగపడ్డాడు కాబోలనుకున్నాను.

ఆ మర్నాటి నుంచే నాకు శని పట్టింది. ఒకే ఓడకు రెండు గ్యాంగులు వచ్చి గేటు దగ్గర కొట్టుకునేవి. ఒకరోజు అయ్య గ్యాంగునే వెనక్కి పంపేశారు.

"ఏట్రా బాబూ, పేరేసి మల్లీ కొట్టేత్తాదేటి నీ మిషను? మావోళ్లు నన్ను తిడతన్నారు."

కార్డు మార్చాను, స్విచ్చి మార్చాను, సాఫ్ట్‌వేరంతా తీసి మళ్లీ ఎక్కించాను. నేను చూస్తున్నంతసేపూ వైరు గుచ్చినచోట పచ్చలైటు నిక్షేపంగా వెలిగేది. అటు తిరిగితే చాలు, ఆరిపోయేది. ఏడుపొచ్చేది. ఈ వారంలో బాగుచెయ్యకపోతే ఇంకొకణ్ణి చూసుకుంటామని మేనేజరు చెప్పేశాడు.

ఆఖరికి ఆ మేనేజరే టేబుల్ మీద మోచెయ్యి ఆనించి నన్ను తిడుతుంటే లైటు ఆరింది. చెయ్యి తీస్తే వెలిగింది. కిందికి దూరాను. వెనక వైర్లన్నీ కలిపి ఎవరో పురికొసతో బిగించి కట్టేశారు. ముడి కింద మా వైరు నలిగి చప్పిడైపోయింది. రెండు చుట్లు చుట్టి, కొస కింద నుంచి దూర్చిన ముడి. మా ఇంట్లో దోమతెరకూ, బట్టల తాడుకూ ఉన్న ముడి.

"ఎవడు కట్టాడిది? వాడింక రేవులో అడుగుపెట్టడు" అన్నాడు మేనేజరు.

తెలియదంటే పూజకొచ్చిన వాళ్లందర్నీ పిలుస్తాడు. అయ్య అడక్కముందే గర్వంగా ఒప్పుకుంటాడు.

"నేనే కట్టాను సార్" అన్నాను. ఆ రోజుతో నా కుర్చీ పోయింది.

వైరు పాడై ఉద్యోగం పోయిందని ఇంట్లో చెప్పాను. అయ్య దగ్గరికొచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు.

"ఆ వైర్లు యేలాడతంటే నాను పూజనాడే బిగించి కట్టినాను. తరవాత ఎవుడో ఇప్పేసుంటాడు, ఎదవ. ఈపాలి ఎక్కడ సేరినా నాకు సెప్పు. నానే వొచ్చి కడతాను."

"అలాగే అయ్యా" అన్నాను.