ఎర్రగడ్డ వేయని ఉగ్గాని

తెల్లవారుజామున నిద్రకూ మెలకువకూ నడుమ సన్నని గట్టులాంటిది ఒకటి ఉంటుంది. కొన్నేళ్లుగా నా రోజు ఆ గట్టు మీదే మొదలవుతోంది. కళ్లు తెరవకముందే పొట్ట మీద చెయ్యి వేసుకుని వింటాను. కొన్నిరోజులు లోపల ఎక్కడో దూరపు ఊళ్లో జాతర జరుగుతున్నట్టు ఉంటుంది. కొన్నిరోజులు కోత అయిపోయిన చేనులా నిశ్శబ్దంగా ఉంటుంది. ఆ చప్పుడును బట్టి ఆ పొద్దున ఏం తినాలో తేల్చుకుంటాను. దీనికి అరగంట పడుతుంది. ఆ అరగంటలో సగం కలే.

డాక్టరు దీనికి ఐబీఎస్ అని పేరు చెప్పాడు. పరీక్షలన్నీ చేయించి, కాగితాలు తిరగేసి, "పేగులకు జబ్బేమీ లేదండీ. ఊరికే అలుగుతుంటాయి. ఏది పడుతుందో ఏది పడదో మీరే కనిపెట్టుకోవాల" అన్నాడు. నేను చాలాకాలం జిల్లా పేజీకి వార్తలు రాసినవాణ్ని. ఎవరు ఎవరి మీద ఎందుకు అలిగారో ఆరా తీయడమే నా పనిగా ఉండేది. నా పేగుల దగ్గర మాత్రం ఇప్పటికీ ఒక్క మాట రాబట్టలేకపోయాను.

ఇడ్లీ కొన్నాళ్లు స్నేహంగా ఉంటుంది, ఉన్నట్టుండి ముఖం తిప్పుకుంటుంది. గోధుమరొట్టె తింటే మధ్యాహ్నం దాకా లోపల ఎవరో తిత్తి ఊదుతున్నట్టే. పాలు పోసిన కాఫీని వాసన చూసి పక్కన పెడతాను. చెనిక్కాయలు పండే నేల మీద పుట్టి కూడా, వాటితో నూరిన ఊరిబిండిని వేలికొసతో అద్దుకుని నాలుకకు రాసుకుంటాను, అంతే. మెత్తగా ఉడికిన అన్నంలో కాస్త ఉప్పు, పలుచని రాగి అంబలి, పూర్తిగా మాగని అరటిపండు. ఇవి నన్ను పెద్దగా ఇబ్బంది పెట్టవు. పొద్దున్నే బయటికి పోవాల్సి వస్తే ఇవి కూడా ముట్టను. గోరువెచ్చని నీళ్లు తాగి బయల్దేరతాను. ఏ ఇంట్లో ఏం పెట్టినా "నాకొద్దమ్మా, పొద్దున్నే తినను" అంటాను. ఆ మాట చెప్పీ చెప్పీ, నిద్రలో అడిగినా అదే చెప్పేంత అలవాటైపోయింది.

కలలో మాత్రం ఉగ్గాని తింటాను. నానబెట్టి పిండిన బొరుగులు, సన్నగా తరిగి వేయించిన ఎర్రగడ్డలు, అదే ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయల ముద్ద, పసుపు, పైన చల్లిన పప్పుల పొడి. పక్కన నూనె ఓడుతున్న మిరపకాయ బజ్జి. అనంతపురంలో పొద్దున్నే ఏ వీధిలో నడిచినా ఈ వాసన మనిషి భుజం మీద చెయ్యి వేసి పిలుస్తుంది. నేను తల వంచుకుని పోతుంటాను.

పోయిన చలికాలం ఈ నా పొద్దుటి ఫలహారం ఒక పెళ్లి మీదికి వచ్చింది.

మా తమ్ముని కూతురు అనంతపురంలోనే ఒక ఆఫీసులో పని చేస్తుంది. తనతో పనిచేసే అబ్బాయి మీద మనసు పడింది. వాళ్ల నాయనకు చెప్పే ముందు నాకు చెప్పింది. అబ్బాయిది ఉరవకొండ దాటినాక ఒక పల్లె. రెండిళ్లలోనూ ఎవరూ కాదనలేదు, గట్టిగా అవుననీ అనలేదు. మా వైపు పెద్దలు పోయి వాళ్ల ఇల్లు చూసి రావాలని మాట అయింది. ఇట్లా ఇల్లు చూడ్డానికి పోయినప్పుడు మా పక్క నోటితో అవుననడం ఉండదు. ఇష్టమైతే ఆ ఇంట్లో తింటారు. కాకుంటే మంచినీళ్లు తాగి, "ఇంకోసారి కలుస్తాం" అని లేస్తారు. పోయినవాళ్లలో పెద్దవాడు తన పళ్లెంలో, అదే తట్టలో, చెయ్యి పెట్టిందాకా మిగతావాళ్లు ముట్టుకోరు.

పెద్దవాణ్ని నేనే.

ముందురోజు సాయంత్రం పిల్ల వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"పెదనాయనా, రేపు ఆడ ఏం పెట్టినా తిను."

"ఏం పెడతారో తెలిస్తే గదా."

"రాయి పెట్టినా తిను. ఒగ పూట. వాళ్ల అవ్వ శానా పట్టింపు మనిషి. ముందొకసారి ఎవరో వచ్చి తినకుండా పోయినారంట. ఆయమ్మ ఇప్పటికీ అదే చెప్పుకుంటాందంట."

"రాయి అయితే బాధే లేదు. రాయిలో ఎర్రగడ్డ ఉండదు."

నవ్వింది గానీ, చున్నీ కొసను వేలికి చుట్టి విప్పడం ఆపలేదు. "నువ్వు తినలేదని తెలిస్తే వాళ్లు ఇంగ మాట్లాడరు పెదనాయనా" అంది. తింటానని మాట ఇచ్చాను.

వాళ్లకు ఫోన్ చేసి నా సంగతి ముందే చెప్పి ఉండొచ్చు. కానీ ఇల్లు చూడ్డానికి పోయేవాడు నాకిది వద్దు, అది చేయండి అంటే ఏం బాగుంటుంది? పైగా పేగుల మాట. మా తరం మగవాళ్లు దాన్ని డాక్టరుకు తప్ప ఎవరికీ చెప్పరు.

మొదటి బస్సుకు నేనూ తమ్ముడూ బయల్దేరాం. ఉరవకొండ దారిలో మంచు ఇంకా విడలేదు. ఎత్తుల మీద గాలిమరలు, కాళ్లు కనపడకుండా మంచులో తేలుతున్నాయి. రెక్కలు ఎంత నిదానంగా తిరుగుతున్నాయంటే, పైన ఎవరో పెద్దమ్మ తీరిగ్గా పిండి విసురుకుంటున్నట్టు అనిపించింది. పీకేసిన చెనిక్కాయ కట్టె చేలల్లో వాములుగా ఉంది. కిటికీకి తల ఆనించి, పొట్ట మీద చెయ్యి వేసుకుని, సగం నిద్రలో పోయాను. తింటానన్న మాట ఒకసారి నా గొంతులోనే వినపడేది, ఇంకోసారి పిల్ల గొంతులో.

అబ్బాయి నాయన బస్టాపు దాకా ఎదురొచ్చాడు. "రాండి సార్, రాండి" అని ముందు నడిచాడు. నల్లబండలు పరిచిన వసారా, గోడవారగా మంచం, దాని మీద అబ్బాయి అవ్వ. అబ్బాయి వాకిలి పక్కన నిలబడి, ఏ చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక రెండూ వెనక్కి కట్టుకున్నాడు. చాప పరిచి కూర్చోబెట్టారు. కాఫీ వచ్చింది. నా గ్లాసును పక్కన పెట్టాను. అవ్వ చూసింది.

కాసేపటికి లోపలి నుంచి ఆ వాసన వచ్చింది. తట్టల నిండా ఉగ్గాని, పక్కన ఒక్కొక్కరికి మూడు బజ్జీలు. ఇంటివాళ్లు చేయగలిగినంత బాగా చేశారని చూడగానే తెలిసింది. నాకు కలలో వచ్చే తట్ట సరిగ్గా ఇట్లాగే ఉంటుంది. అందుకేనేమో నేను ఎక్కడున్నదీ ఒక్క క్షణం మరిచిపోయాను. అబ్బాయి తల్లి నా ముందు తట్ట పెడుతుంటే నోరు దానంతట అదే పలికింది.

"నాకొద్దమ్మా, పొద్దున్నే తినను."

తమ్ముడి చెయ్యి తట్ట మీద జానెడు ఎత్తులో అట్లే నిలిచిపోయింది. అబ్బాయి నాయన గోడ వైపు చూశాడు. అబ్బాయి నన్నే చూస్తున్నాడు, ముఖంలో రక్తం లేదు.

"అన్నా..." అన్నాడు తమ్ముడు, పళ్ల సందు నుంచి.

అవ్వ మంచం మీద నుంచి కాళ్లు కిందికి దించింది. "ఏమప్పా, మా ఇల్లు నచ్చలేదా? నచ్చకుంటే నోటితో చెప్పి పో. మా బొరుగుల మీద పెట్టి చెప్పద్దు."

"ఇల్లు కాదవ్వా" అన్నాను. "నా కడుపు."

"కడుపుకు ఏమైనాది?"

"అన్నా, అవన్నీ ఈడెందుకు" అన్నాడు తమ్ముడు.

"నువ్వుండు నాయనా, ఆయప్పను చెప్పనీ."

చెప్పాను. పొద్దున్నే పొట్ట చప్పుడు వినడం దగ్గర్నుంచి, బస్సు ఎక్కే ముందు నీళ్లు తప్ప ఏమీ ముట్టకపోవడం దాకా. ఎర్రగడ్డ పడదు, మిరపకాయ పడదు, పప్పులు పడవు, పాలు పడవు అని చెప్పాను. చెప్పేకొద్దీ తేలికైంది.

"ఇంగేం పడతాదప్పా నీకు, గాలా?"

"గాలి అసలే పడదవ్వా."

తలుపు వెనక ఆడవాళ్లు ఎవరో ఫక్కున నవ్వారు. అబ్బాయి కూడా నవ్వబోయి ఆపుకున్నాడు. అబ్బాయి నాయన మాత్రం, ఏం తింటే అవునన్నట్టో లెక్క తేలక, అవ్వ వైపు తిరిగాడు.

"మరి ఉత్త మంచినీళ్లు తాగితే సరిపోతాదా అమ్మా?"

"దావన పోయేవానికి గూడా నీళ్లు ఇస్తాం. నీళ్లు యాడ లెక్కకొస్తాయి?"

"అరటిపండు?"

"పండు మనం చేసిందా? మన పొయ్యి మీద నుంచి దిగింది తినాల. మన ఉప్పు తగలాల." అవ్వ నా వైపు తిరిగింది. "ఉప్పు పడతాదా, అదీ లేదా?"

"పడతాదవ్వా."

"బతికించినావు."

లోపలి నుంచి అబ్బాయి తల్లి గొంతు వినిపించింది. "నానేసిన బొరుగులు ఇంకా ఉండాయి అత్తా. ఉత్త పసుపూ ఉప్పూ ఏసి తిప్పేదా?"

అందరూ నన్ను చూశారు. కొంచెం నూనె, ఆవాలు కూడా పర్వాలేదన్నాను. ఆవాలు చిటపటలాడిన చప్పుడు వినిపించింది. తమ్ముడు చేతిని తొడ మీదికి దించుకున్నాడు. అతని తట్టలో బజ్జీలు చల్లారుతున్నాయి. ఎండ గడప మీదికి వచ్చింది.

వేరే తట్ట వచ్చింది. లేత పసుపు, ఇంకేమీ లేదు. "ఇది ఉగ్గానేనా, పత్యమా" అని అవ్వ గొణిగింది. పిడికెడు తీసుకుని నోట్లో పెట్టుకున్నాను. వెచ్చగా, మెత్తగా, ఉప్పు సరిగ్గా ఉంది. కలలో తినేదానికీ దీనికీ పోలికే లేదు. అయినా బొరుగులు బొరుగులే. నమలకుండానే కరిగిపోతున్నాయి. రెండో పిడికెడు తీసుకున్నాక పక్కన తమ్ముడు బజ్జీ కొరికిన చప్పుడు వినిపించింది.

"ఇంకొంచెం పెట్టించుకో బావా" అన్నాడు అబ్బాయి నాయన.

బస్టాపు నుంచి అప్పటిదాకా నన్ను సార్ అన్నాడు. మాట మారిందని అందరికీ తెలిసింది. నేను తట్ట ముందుకు జరిపి ఇంకొంచెం పెట్టించుకున్నాను. అబ్బాయి వెనక్కి కట్టుకున్న చేతులు విడిచి, నీళ్ల చెంబు తెచ్చి నా పక్కన పెట్టాడు.

అప్పుడు అబ్బాయి తల్లి కొంగుతో చేతులు తుడుచుకుంటూ మళ్లీ వసారాలోకి వచ్చి నిలబడింది.

"పిల్ల పొద్దున్నే ఏం తింటాది అన్నా?"

తమ్ముడి వైపు చూశాను. వాడు నా వైపు చూశాడు.

"ఏం పెడితే అది తింటాది" అన్నాడు తమ్ముడు.

"అట్ల ఎవరుంటారు? మీ అన్ననే చూడు" అంది ఆమె.

జవాబు నాకూ తెలియదు. ఫోన్ తీసి పిల్లకు చేశాను. గంట మోగీ మోగకముందే ఎత్తింది. "పెదనాయనా?" అంది. ఊపిరి వినపడుతోంది.

"ఈయమ్మ నిన్ను ఏందో అడగాలంటాది" అని ఫోన్ అబ్బాయి తల్లి చేతికిచ్చాను.

ఆమె ఫోన్ చెవికి పెట్టుకుని వంటింట్లోకి నడిచింది. మాకు ఒక పక్క మాటలే వినిపించాయి. "ఊ... నేనేమ్మా... తిన్నాడు, తిన్నాడు, ఇంకోసారి గూడా పెట్టించుకున్నాడు... అయ్యో, ఏడుస్తారా?... అది గాదు, నీ సంగతి చెప్పు. కారం తింటావా?... ఊ... పొద్దున్నే అసలు తినబుద్ధి కాదా? పోనీలే. పదింటికి తిందువులే."